మోయాబీయులు కారని ధ్రువపత్రం

ఆ ఏడాదిని పరదేశుల ఆదరణ సంవత్సరంగా ప్రకటిస్తూ పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చినప్పుడు నాగులేటిపాలెం చర్చి సంఘంలో అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి రత్నాకరం గారు. ఆయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఏడేళ్ళయింది. ఆ ఏడేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఆయన ముందు నిలబడి దరఖాస్తు ఇచ్చిన పాపాన పోలేదు.

సర్క్యులర్ ఆజ్ఞ సూటిగానే ఉంది. ప్రతి సంఘమూ సెప్టెంబరు ఆఖరు ఆదివారం లోపల కనీసం ఒక పరదేశిని ఆదరించి, ఆదరించినట్టు గ్రూపు ఫొటోతో సహా మూడు ప్రతుల్లో నివేదిక పంపాలి. ఆ ఆదివారం తనిఖీకి ఒక అధికారి స్వయంగా వస్తారు.

సర్క్యులర్‌ను సంఘ పెద్దల సమావేశంలో చదివి వినిపించింది కార్యదర్శి పరంజ్యోతమ్మ. హైస్కూల్లో గుమాస్తాగా పనిచేసి మానుకున్నాక ఆవిడకు మిగిలిన ఉద్యోగం ఇదొక్కటే. ఇరవై రెండేళ్ళుగా సంఘం మినిట్స్ పుస్తకం ఆవిడ చేతిలోనే ఉంది. ఎవరెంత గట్టిగా అరిచినా ఆవిడ పుస్తకంలో అది "చర్చించడమైనది" అనే మాటగానే దిగేది. ఆ పొందిక చూసుకుని లోలోపల కాస్త గర్వపడేది కూడా.

"ఆదరించడం వరకూ బాగానే ఉంది. మనూళ్ళో పరదేశి ఏడీ?" అన్నారు ఎస్తేరురాణి టీచరు గారు. ఆవిడ లెక్కలో పరదేశి అంటే తెల్లగా ఉండాలి, ఫొటోలో బాగా పడాలి. నాగులేటిపాలెంలో చివరి తెల్లదొరసాని ఓడెక్కి అరవై ఏళ్ళు దాటింది. జిల్లా కేంద్రంలో ఇంజనీరింగ్ కాలేజీలో నల్లజాతి కుర్రాళ్ళు ఎవరో చదువుతున్నారని తెలిసి, ఒక పరదేశిని రెండు రోజుల పాటు ఆదరణ నిమిత్తం పంపవలసిందిగా ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశారు. సెమిస్టరు పరీక్షలున్నాయని జవాబొచ్చింది.

పరదేశి దొరికే లోపు నిబంధనలైనా సిద్ధంగా ఉండాలన్నారు రత్నాకరం గారు. ఆయన అధ్యక్షతన ఉపసంఘం ఏర్పడింది. రోజూ తెల్లారగానే కళ్ళజోడు పెట్టుకుని, అడంగల్ పుస్తకంలో పొలాల లెక్కలు చూసినట్టు లేఖనాలన్నీ గీతలు గీసుకుంటూ చదివారు. మీరూ ఐగుప్తులో పరదేశులే కదా, పరదేశిని ప్రేమించమని ఒకచోట ఉంది. అమ్మోనీయుణ్ణీ మోయాబీయుణ్ణీ పదో తరం దాకా సమాజంలో చేర్చుకోవద్దని ఇంకోచోట ఉంది. అన్యదేశపు భార్యల్ని పిల్లలతో సహా పంపించేయమని ఎజ్రా అనే శాస్త్రి కాలంలో తీర్మానించారు. అదే మోయాబు దేశం నుంచి వచ్చిన రూతు అనే కోడలు పిల్లేమో రాజుల వంశానికి ముత్తవ్వ అయి కూర్చుంది. పరదేశిని ఇంట్లో చేర్చుకుంటే ప్రభువును చేర్చుకున్నట్టేనని సువార్తలో ఉంటే, వేరే బోధ తెచ్చినవాడికి గుమ్మంలో నమస్కారం కూడా పెట్టొద్దని బైబిలు చివర ఓ చిన్న ఉత్తరంలో ఉంది.

"ఒకదానికొకటి పొసగటం లేదేమో కదండీ," అన్నారు పాస్టరు దయానిధి గారు నసుగుతూ. ఆయన ఆ ఊరికి కొత్త. ఎవరేం చెప్పినా అందులో ఆశీర్వాదం ఉందనేవారు.

"పొసగకపోవడం ఏంటండీ అయ్యగారూ! ఇవన్నీ సబ్‌సెక్షన్లు. దేని కేసు దానిది," అన్నారు రత్నాకరం గారు.

పద్నాలుగు నిబంధనలు, ఆరు పేజీల ఫారం తయారయ్యాయి. పరంజ్యోతమ్మ వాటిని శుభ్రంగా టైపు చేయించి ఫైల్లో పెట్టింది.

సెప్టెంబరు ఆఖరి వారం వాయుగుండం పట్టింది. సోమవారం పొద్దున్న పరంజ్యోతమ్మ గొడుగేసుకుని చర్చి ఊడ్పించడానికి వెళ్ళేసరికి ఫెలోషిప్ హాలు వరండాలో ఏడుగురు మనుషులు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. ఒడిశా కొండల నుంచి రొయ్యల చెరువుల మీద పనికొచ్చిన ఒకే ఇంటివాళ్ళు. చెరువుగట్టు మీద గుడిసెలు మునిగిపోయాయి. స్కూల్లో మోకాలి లోతు నీళ్ళు. చెరువుల యజమాని ఫోను స్విచాఫ్.

వాళ్ళలో ఒకావిడకు తెలుగు వచ్చు. అయిదేళ్ళుగా ఈ చెరువుల మీదే ఉందట. పేరు గురుబారి.

"అమ్మా, గుడిసె పోయింది. మా అత్తకి దగ్గు. లోపల కూచుంటాం. నీళ్ళు తగ్గితే పోతాం," అంది.

అత్త పేరు సుక్రీ. తడి చీర చెంగు నెత్తిమీద కప్పుకుని ముడుచుకు కూర్చుంది. దగ్గుతుంటే వీపంతా ఎగిరెగిరి పడుతోంది. ఈవిణ్ణయినా మా ఇంటికి తీసుకుపోతానంది పరంజ్యోతమ్మ. పిల్లల్ని వదిలి రానని ముసలావిడ తల అడ్డంగా ఊపింది. పరంజ్యోతమ్మది ఒంటిగది ఇల్లు. అందులో ఏడుగురు పట్టరు.

హాలు తాళంచెవి ఆవిడ చేతిసంచిలోనే ఉంది. తీయబోయి, అలవాటు కొద్దీ ముందు ఫోను తీసింది.

"తెరవకండి!" అన్నారు రత్నాకరం గారు అవతల నుంచి. ఆ గొంతులో ఏడేళ్ళుగా లేని హుషారు. "ఇది మన మొదటి కేసు. పద్ధతి ప్రకారం నడవాలి. సాయంత్రం అత్యవసర సమావేశం."

సాయంత్రం చర్చిలో సమావేశం మొదలైంది. గోడకి అవతల దగ్గు వినిపిస్తూనే ఉంది. ముందుగా తేలాల్సిన విషయం వీళ్ళు అసలు పరదేశులేనా అన్నది.

"ఒడిశా మన దేశమే కదండీ. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. వీళ్ళని ఆదరించి ఫొటో పంపితే పై ఆఫీసు వాళ్ళు నవ్విపోతారు," అన్నారు ఎస్తేరురాణి టీచరు గారు.

"మరి మనవాళ్ళే అయితే తాళం తీసేద్దామాండీ?" అంది పరంజ్యోతమ్మ.

"మనవాళ్ళు ఎట్టా అవుతారమ్మా? భాష వేరు, దేవుళ్ళు వేరు. వేరే బోధ తెచ్చినవాళ్ళ సంగతి ఏడో నిబంధనలో ఉంది," అన్నారు రత్నాకరం గారు.

రెండు గంటల చర్చ తర్వాత ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది. సదరు ఏడుగురూ ఆహ్వానించడానికి చాలినంత పరదేశులు కారు, బయట ఉంచడానికి మాత్రం చాలినంత పరదేశులే. వరండా లోపలి కిందికి వస్తుందా బయటి కిందికి వస్తుందా అన్నది తేలేవరకు వాళ్ళను యథాస్థితిలో ఉండనివ్వాలి. ఇరుపక్షాల మాటల్లోనూ ఆశీర్వాదం ఉందని చెప్పి పాస్టరు గారు ముగింపు ప్రార్థన చేశారు.

పరంజ్యోతమ్మ "విషయము వాయిదా వేయడమైనది" అని రాసి, పుస్తకం మూసి, గొడుగు విప్పుకుని, వరండా వైపు చూడకుండా ఇంటికి పోయింది. చూడకపోయినా వినపడింది. ఇంట్లో అన్నం పెట్టుకు కూర్చున్నా చెవుల్లో ఆ దగ్గే. లేచి, ఉన్న అన్నమంతా క్యారేజీలో సర్ది, చారు కాచి, వానలోనే మళ్ళీ వెళ్ళి గురుబారి చేతికిచ్చి వచ్చింది. ఆ సంగతి మినిట్సులో ఎక్కించలేదు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ రాయకుండా దాచిన మొదటి విషయం అదే.

మంగళవారం మోయాబు ప్రశ్న వచ్చింది. మూడో నిబంధన ప్రకారం సమాజంలో ప్రవేశించే ప్రతివాడూ పది తరాల వెనక్కి మోయాబీయుడు కాదని రుజువు చూపాలి. ఇది యూదుల ధర్మశాస్త్రం గనక దాన్ని ఆచరించేవాళ్ళ అభిప్రాయం కూడా తీసుకుంటే ఫైలు బలంగా ఉంటుందని దర్జీ ఎల్కానా గారికి కబురు పెట్టారు.

ఎల్కానా గారు పరంజ్యోతమ్మకు పెదనాన్న కొడుకు. ముప్పై ఏళ్ళ కిందట ఆయనా మరో ఎనిమిది కుటుంబాలవాళ్ళూ, మేము యూదులం అని చెప్పి సంఘం నుంచి విడిపోయారు. శనివారం మిషను తొక్కరు. కొట్టు వెనక గదిలో ప్రార్థన చేసుకుంటారు. ఆయన మెడలో టేపుతోనే వచ్చి, వరండాలో ఉన్నవాళ్ళను చూసి, ఆ తర్వాత లోపల కుర్చీలో కూర్చున్నారు.

"పరదేశిని బాధపెట్టొద్దు, ప్రేమించు అని ధర్మశాస్త్రంలో ముప్పై ఆరుసార్లు చెప్పారని మా పెద్దలు లెక్కగట్టారు," అన్నారు. "మీ మోయాబు మాట ఏదో ఒకటి రెండు చోట్ల."

"లేఖనం ఓటింగుతో తేలదు గదండీ," అన్నారు రత్నాకరం గారు.

"సరే. దావీదు ముత్తవ్వ రూతు మోయాబు పిల్లే కదా. మీ లెక్కన దావీదు మహారాజు కూడా వరండాలోనే ఉండాలి."

రత్నాకరం గారు నిబంధనల ఫైలు తిరగేశారు. "ఆయన దరఖాస్తు పెట్టుకుని ఉంటే సానుభూతితో పరిశీలించేవాళ్ళం," అన్నారు.

"దానికీ మావాళ్ళు దారి చూశారండీ. మోయాబు మగవాళ్ళకే నిషేధం, ఆడవాళ్ళకి కాదన్నారు."

"అద్భుతం! స్త్రీలకు వేరే ఫారం పెట్టొచ్చన్నమాట. రాసుకోండి పరంజ్యోతమ్మగారూ."

ఎల్కానా గారు మెడలో టేపు తీసి చుట్టుకుంటూ, "ఇంకొక్క మాట చెప్పి పోతా," అన్నారు. "అష్షూరు రాజొకడు దండెత్తి వచ్చి ఎక్కడి జనాన్ని అక్కడ ఉండనీకుండా కలగాపులగం చేసి పారేశాడు. ఆనాటి నుంచీ ఎవడు మోయాబో ఎవడు కాదో ఎవరికీ తెలీదు. కాబట్టి అందర్నీ చేర్చుకోవచ్చని రెండువేల ఏళ్ళ కిందటే మావాళ్ళు తీర్పు చెప్పారు."

"తెలీదు కాబట్టేనండీ ధ్రువపత్రం కావాలనేది!" అన్నారు రత్నాకరం గారు గెలిచినట్టు.

ఎల్కానా గారు లేచారు. పరంజ్యోతమ్మ గుమ్మం దాకా వెంట వెళ్ళింది.

"మీ దగ్గరైనా ఇట్టాంటివి లేవు గదా అన్నయ్యా?"

"ఎందుకుండవు చెల్లెమ్మా? మమ్మల్ని యూదులుగా గుర్తించమని విదేశానికి అర్జీ పెట్టి పందొమ్మిదేళ్ళయింది. అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ ఎవరో రుజువు చూపమన్నారు. ఆ ఫైలు ఇంకా సముద్రం అవతలే ఉంది. ఇక్కడ నేను ఈ పసివాళ్ళిద్దర్నీ కొట్లో పడుకోబెడతానంటే, మా తొమ్మిది కుటుంబాల్లో ఒక పెద్దమనిషి ఎజ్రా తీర్మానం ఎత్తాడు."

"మరేం చేశావు?"

"ఆయన్ని కాస్త లేవమని, ఆయన కింద చాప తీసి పిల్లలకి పరిచా."

పిల్లలిద్దర్నీ చెరో చంకలో ఎత్తుకుని ఎల్కానా గారు వానలో నడిచిపోయారు. వెనక నుంచి రత్నాకరం గారు కేకేశారు. "ఎల్కానాగారూ, మిమ్మల్ని నింపమన్న ఆ ఫారం నమూనా ఒకటి ఉంటే ఇప్పించండి!"

బుధవారం తహసీల్దారు ఆఫీసుకు దరఖాస్తు వెళ్ళింది. గురువారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. అంత తొందరగా ఆ ఆఫీసు నుంచి జవాబు రావడం రత్నాకరం గారి సర్వీసులోనే ఎప్పుడూ జరగలేదు.

"పైన ఉదహరించిన విషయమై తెలియజేయునది ఏమనగా, తమ దరఖాస్తులో పేర్కొన్న మోయాబు అను గ్రామము ఈ మండల పరిధిలో లేదు. లేని గ్రామమునకు నివాసులు కారని ధ్రువీకరించు అధికారము ఈ కార్యాలయమునకు లేదు. సదరు గ్రామము పొరుగు మండలములో ఉన్నదేమో విచారించుకొనవలెను."

"చూశారా, మోయాబు లేదని ఆయన అనలేదు. తన పరిధిలో లేదన్నాడు. ఎంత పద్ధతైన మనిషో!" అన్నారు రత్నాకరం గారు మురిసిపోతూ.

ధ్రువపత్రం రాకపోతే స్వీయ వాంగ్మూలం తీసుకోవచ్చని ఫారం అయిదో పేజీలో ఉంది. పది తరాల పేర్లు వరసగా చెప్పగలిగితే చాలు. ఎలాగూ చెప్పలేరని రత్నాకరం గారికి ధీమా. ఆ వాంగ్మూలం రాసుకునే పని పరంజ్యోతమ్మ మీద పడింది.

శుక్రవారం ఆవిడ వరండాలో చాప మీద సుక్రీ ఎదురుగా కూర్చుంది. ముసలావిడ ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆరోగ్య ఉపకేంద్రం నర్సు మాత్రలిచ్చి, పొడిచోట పడుకోబెట్టండని చెప్పి పోయింది. ఆ పొడిచోటు మూడడుగుల దూరంలో, తలుపుకి అవతల, కొత్త టైల్సు పరుచుకుని ఖాళీగా ఉంది.

"మీ అత్తని అడుగమ్మా. వాళ్ళ తాతముత్తాతల పేర్లు ఏమన్నా గుర్తున్నాయా అని. పది కావాలంట," అంది పరంజ్యోతమ్మ. అడగడానికి ఆవిడకే సిగ్గేసింది.

గురుబారి అడిగింది. ముసలావిడ విచిత్రంగా చూసింది. ఏదో అంది.

"ఏమంటోంది?"

"పది చాలా అని అడుగుతోంది."

కొత్త ధాన్యం వచ్చినప్పుడు వాళ్ళ ఊళ్ళో పెద్దలకి ముద్ద తీసిపెడతారట. పేరు మర్చిపోతే ఆ పెద్ద ఆకలితో తిరిగిపోతాడట. అందుకని ఇంటికి పెద్దకోడలు అన్ని పేర్లూ నోటికి నేర్చుకోవాలి. సుక్రీ కళ్ళు మూసుకుని పాటలా అందుకుంది. మొగుడి తండ్రి, ఆయన తండ్రి, ఆయన తండ్రి... మధ్యలో దగ్గు వచ్చి ఆగినా, ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలెట్టింది. పరంజ్యోతమ్మ పెన్ను పరిగెత్తింది. పదకొండు పేర్లు. అందులో మోయాబువాడి పేరు ఒక్కటీ లేదు.

ఫారం చూసి రత్నాకరం గారు నిలువుగుడ్లు వేశారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఆయన ఎంత మొండివాడో అంత నిజాయితీపరుడు. సర్వీసులో ఒక్క అర్హుడి దరఖాస్తు కూడా తిప్పి పంపలేదు, అర్హుడు అరుదుగా దొరికేవాడు తప్ప.

"పదకొండు! ఒకటి అదనం కూడానూ. వీళ్ళు పూర్తి అర్హులు. వెంటనే తెరవండి," అన్నారు.

తాళం తీశారు. సుక్రీని ఎత్తుకుని లోపల దుప్పటి మీద పడుకోబెట్టారు. పిల్లల్ని ఎల్కానా గారే తీసుకొచ్చి దించిపోయారు. అంతటితో అయిపోవాల్సింది. కానీ పరంజ్యోతమ్మ ఫైలు పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అధ్యక్షులవారూ, మూడో నిబంధనలో 'సమాజములో ప్రవేశించు ప్రతివాడును' అని ఉందండీ."

"అవును. నేనే రాశాను."

"ప్రతివాడూ అంటే మనం కూడానాండీ?"

రత్నాకరం గారు ఫైలు అందుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని నిబంధన చదివారు. ఇంకోసారి చదివారు. అందులో మినహాయింపు లేదు. పోనీ తన ఒక్కడికీ మినహాయింపు రాసుకునే రకమా అంటే, ఆ రకం మనిషి కాదాయన.

"నా సంగతి చెప్తానండీ," అంది పరంజ్యోతమ్మ. "మా తాత కరువులో ఎక్కడినుంచో నడిచొచ్చి ఇదే చర్చి మెట్ల మీద పడిపోయాడంట. దొరసాని గంజి పోసి పేరు పెట్టింది. ఆయన తండ్రెవరో మాకెవరికీ తెలీదు. రెండు తరాలండీ నావి. మూడోది ఖాళీ."

శనివారం ఉపసంఘం పెద్దలందరి ఫారాలూ పూర్తిచేయించింది. ఎస్తేరురాణి టీచరు గారు తమది పెద్ద కుటుంబమంటూ మొదలెట్టి మూడు పేర్ల దగ్గర ఆగిపోయారు. పాస్టరు గారు రెండు. రత్నాకరం గారు రాత్రంతా పాత ట్రంకుపెట్టె వెతికి నాలుగు పేర్లు తెచ్చారు. నాలుగోది మనిషి పేరో ఊరి పేరో ఆయనకే అనుమానం. సంఘం మొత్తంలో అయిదో తరం దాటినవాడు లేడు. అందరి తాతలూ ఎక్కడినుంచో నడిచొచ్చినవాళ్ళే.

చర్చి కూడా సమాజమే గనక నిబంధన దానికీ వర్తిస్తుందని రత్నాకరం గారు తేల్చారు. ఆదివారం పొద్దున్న నాగులేటిపాలెం సంఘం యావత్తూ ఉతికిన బట్టలు కట్టుకొచ్చి, చర్చి తలుపుకి తాళం వేసి, హాలుకీ చర్చికీ మధ్య ఖాళీస్థలంలో గొడుగులేసుకుని నిలబడింది. ఆరాధన అక్కడే మొదలైంది. పాస్టరు గారు రెండో కీర్తన ఎత్తుకునేసరికి తనిఖీ అధికారి కారు వచ్చి ఆగింది.

"ఏంటిది? అందరూ బయటున్నారేం? పరదేశులెక్కడ?" అన్నాడాయన అద్దం దించి.

"లోపలున్నారండీ," అన్నారు రత్నాకరం గారు. "అర్హులు వాళ్ళే. తమరు దయచేసి ఈ ఫారం పూర్తిచేసి లోపలికి వెళ్ళండి."

అధికారి కారులో కూర్చునే ఫారం తిరగేశాడు. అయిదో పేజీ దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఆ తర్వాత డ్రైవరు చేతిలో గొడుగు తీసుకుని వచ్చి టీచరు గారి పక్కన నిలబడ్డాడు. చూపులు మాత్రం నిబంధనల ప్రతి మీదే. ఎంత పకడ్బందీగా రాశారండీ, అన్ని సంఘాలకూ పంపిద్దాం అన్నాడు మెల్లగా.

వాన ఒక్కసారిగా పెద్దదైంది. గాలికి గొడుగులు వెనక్కి తిరిగాయి. ఫారాలు తడిసి సిరా కారింది. ఎవరూ కదల్లేదు. ఎవరికివారు పక్కవాళ్ళను చూసి నిలబడ్డారు.

హాలు తలుపు తెరుచుకుంది. సుక్రీ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. జ్వరం రాత్రే దిగింది గానీ నీరసం ఇంకా పోలేదు. వానలో వరసగా నిలబడి తడుస్తున్న ఆ తెల్లచీరల్నీ ఇస్త్రీచొక్కాల్నీ ఆవిడ కాసేపు అర్థంకానట్టు చూసింది. చెయ్యి పైకెత్తి ఊపింది.

"ఆసొ! ఆసొ!"

"ఏమంటోందామె?" అన్నారు రత్నాకరం గారు.

"రమ్మంటోంది," అంది వెనక నుంచి గురుబారి. "తడుస్తున్నారు కదా, లోపలికి రండి అంటోంది."

పరంజ్యోతమ్మ ఇంకేమీ వినలేదు. పుస్తకం కొంగులో చుట్టుకుని, బురదలోంచి అడ్డంగా గబగబా వెళ్ళి గుమ్మం దాటింది. ఆవిడ వెనక టీచరు గారు, పాస్టరు గారు, చంటిపిల్లల తల్లులు, ఆ తర్వాత అధికారి. చివరికి ఖాళీస్థలంలో రత్నాకరం గారొక్కరే మిగిలారు. నెత్తిమీంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

"ఏ నిబంధన కింద రమ్మంటోందో అడగమ్మా," అన్నారు. గొంతులో ఎప్పటి గట్టితనం లేదు. దాదాపు బతిమాలుతున్నట్టు ఉంది.

గురుబారి అత్తను అడిగింది. ముసలావిడ ఆయన్ని పై నుంచి కిందికి చూసి, కాళ్ళ దగ్గర చూపు ఆపి, ఒక మాట అంది.

"అదేందో ఆమెకి తెలీదంట," అంది గురుబారి. "బురద అవుతుంది, బూట్లు బయట ఇప్పమంటోంది."

రత్నాకరం గారు వానలోనే మెట్టు మీద కూర్చుని, తడిసి బిగుసుకుపోయిన లేసుల ముడి విప్పడం మొదలెట్టారు.